సినిమా పాటల పుస్తకాలను పారేయకండి!

పాత నాణేలు, తపాలా బిళ్లలు దాచేవాళ్ల గురించి మనందరికీ తెలుసు. పిల్లల రంగుల పుస్తకాలు దాచేవాళ్లు కూడా ఉన్నారంటే ఆశ్చర్యంగా ఉంటుంది. అమెరికాలో సాల్‌ఫీల్డ్ అనే ప్రచురణ సంస్థ 1930లలో బాలనటి షిర్లీ టెంపుల్ బొమ్మలతో రంగులు వేసుకునే పుస్తకాలు అచ్చువేసింది. ఆనాటి పిల్లలు గీసి, చించి పారేసిన ఆ పుస్తకాలను ఈనాడు పెద్దలు వెతికి మరీ కొంటున్నారు. అందులోనూ ఒక్క గీత కూడా పడని పుస్తకానికే ధర ఎక్కువ.

మన పల్లెల్లో రంగుల పెన్సిళ్లు కొనే స్తోమత ఎంతమందికి ఉండేది? సినిమా తారల బొమ్మలతో మన పెద్దల చేతికి వచ్చిన చవక పుస్తకం వేరే ఉంది. అదే సినిమా పాటల పుస్తకం.

ఏముంటుంది అందులో?

తెలుగులో మాటల సినిమా 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మొదలైంది. సినిమాలతో పాటే పాటల పుస్తకాలూ వచ్చాయి. కొద్ది పేజీలు, పలుచని కాగితం, మధ్యలో రెండు పిన్నులు. అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మ. లోపల నటీనటుల పేర్లు, సాంకేతిక నిపుణుల పేర్లు, క్లుప్తంగా కథ, ఆ తర్వాత పాటలు. కథను సగం చెప్పి, మిగతాది వెండితెరపై చూడమని ఆపేయడం ఆనవాయితీ. సినిమా టాకీసు దగ్గర, బస్టాండులో, అంగడిలో ఇవి అమ్మేవారు. రేడియో కూడా లేని ఇంట్లో పాటను నిలబెట్టింది ఈ పుస్తకమే. తర్వాత టేపు రికార్డర్లు, టీవీలు, చివరికి సెల్‌ఫోన్లు వచ్చాక వీటి అవసరం తీరిపోయింది.

మన జిల్లాతో సంబంధం

కరీంనగర్‌లో 1909లో పుట్టిన పైడి జైరాజ్ మూకీల కాలంలోనే బొంబాయి వెళ్లి హిందీ సినిమా హీరో అయ్యాడు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నాడు. ఆ కాలపు హిందీ పాటల పుస్తకాల్లో పాటలను హిందీ, ఉర్దూ లిపులు రెండింటిలోనూ అచ్చువేయడం మామూలే. ఉర్దూలో చదువుకున్న మన పాతతరం వాళ్లు కూడా వాటిని చదువుకోగలిగేవారు.

ఇక సి.నారాయణరెడ్డి గారు పుట్టింది అప్పటి కరీంనగర్ జిల్లాలోని హనుమాజీపేటలో. అది ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. ఆయన చదువు సాగింది ఉర్దూ మీడియంలో. అయినా 1962లో ఎన్.టి.రామారావు ‘గులేబకావళి కథ’కు అన్ని పాటలూ రాసి సినిమా రంగంలోకి వచ్చారు. 1988లో జ్ఞానపీఠ పురస్కారం ఆయనకే దక్కింది. తెలుగు కవిత్వ పుస్తకం కొనలేని ఇంట్లోకి కూడా ఆయన మాట పాటల పుస్తకం రూపంలో చేరింది.

కాలం ఎలా కనుక్కోవాలి?

ముందుగా ధర చూడండి. మన దేశంలో 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. ధర ‘అణాల’లో ఉంటే ఆ పుస్తకం చాలావరకు అంతకు ముందుది అనుకోవచ్చు. పాత నాణేలు మరికొన్నేళ్లు చెల్లాయి కాబట్టి ఇది కచ్చితమైన లెక్క కాదు. ‘నయాపైసలు’ అని ఉంటే 1957, 1964 మధ్యది. వట్టి ‘పైసలు’ అని ఉంటే సాధారణంగా ఆ తర్వాతది. ‘మాయాబజార్’ విడుదలైంది 1957 మార్చి 27న, అంటే కొత్త పైసలు రావడానికి సరిగ్గా ఐదు రోజుల ముందు! తర్వాత అట్ట వెనుక ప్రెస్సు పేరు, ఊరు వెతకండి. చాలా పుస్తకాల మీద మద్రాసు ప్రెస్సుల పేర్లు కనిపిస్తాయి.

గీతలుంటే విలువ తగ్గుతుందా?

సేకరించేవాళ్ల లెక్కలో తగ్గుతుంది. రంగుల పుస్తకానికి చెప్పిన సూత్రమే దీనికీ వర్తిస్తుంది. కానీ మన లెక్క వేరు.

మా బాపు ఐదో తరగతితో బడి మానేసి కూలికి పోయాడు. ఆయన సందుగలో నాలుగు పాటల పుస్తకాలు ఉన్నాయి. తెలిసిన పాటల పక్కన టిక్కులు ఉన్నాయి. ఒత్తులున్న మాటల కింద గీతలున్నాయి. వెనుక అట్ట మీద ఆయన తన పేరు పదిసార్లు రాసుకున్నాడు. నేనడిగితే, “పాట నోటికి వచ్చేది బిడ్డా, అందుకే అక్షరం దొరికేది” అన్నాడు. విన్న పాటను ముందు పెట్టుకొని అక్షరాలను పోల్చుకుంటూ ఆయన మరిచిపోయిన చదువును తిరిగి పట్టుకున్నాడు. మా ఇంట్లో డిగ్రీ పట్టా మొదట నాకే వచ్చింది. కానీ చదువు నాతో మొదలు కాలేదని ఆ గీతలే చెబుతున్నాయి. బడి రిజిస్టర్లలో ఐదో తరగతి తర్వాత మా బాపు పేరు లేదు. ఆయన చదివాడనడానికి మిగిలిన సాక్ష్యం ఆ నాలుగు పుస్తకాలే. వాటిని కొనేవాడికి అవి పాడైన ప్రతులు. మనకు అవి దస్తావేజులు.

ఎలా కాపాడాలి?

ఈ పుస్తకాలకు వాడింది నాసిరకం కాగితం. ఎండకు, తేమకు పసుపురంగుకు మారి పెళుసుగా విరుగుతుంది. చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి. దాని జిగురు కాలం గడిచేకొద్దీ మరకై కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. తుప్పు పట్టిన పిన్నులను మెల్లగా తీసి తెల్లదారంతో కుట్టండి. మడత పెట్టకుండా, అట్టల మధ్య పరిచి, పొడిచోట పెట్టండి. ప్రతి పేజీనీ పగటి వెలుతురులో సెల్‌ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ పుస్తకం ఎవరిది, ఎక్కడ కొన్నారు, ఎవరు చదివేవారు అన్నది వేరే కాగితం మీద రాసి జతచేయండి. పాటల మీద హక్కు కవి మరణించాక కూడా అరవై ఏళ్లు ఉంటుంది. కాబట్టి దాచుకోవచ్చు గాని, తిరిగి అచ్చువేసి అమ్మకూడదు.

పుణెలో 1964లో ఏర్పాటైన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ సినిమా రీళ్లతో పాటు పాటల పుస్తకాలను కూడా భద్రపరచింది. ప్రభుత్వమే దాచదగినవని గుర్తించిన వాటిని మనం చిత్తుకాగితాల కింద తూకానికి వేయడం న్యాయమా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు అటక మీద, సందుగలో ఒకసారి వెతకండి. ఆదిలాబాద్ గూడేల నుంచి వచ్చిన మిత్రులు మీ పెద్దలు తెలుగు అక్షరాలను ఎట్లా పట్టుకున్నారో అడిగి రాసుకోండి. దొరికిన పుస్తకాల ఫొటోలన్నీ కలిపి మన హాస్టల్ లైబ్రరీలో ఒక ఫైలు పెడదాం. వచ్చే వార్షికోత్సవం నాటికి అందులో మీ ఇంటి పేజీ కూడా ఉండాలని కోరుకుంటున్నాను.

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ.