తలుపు మూయనోడొక్కడే దోషా?

షిప్పుల నౌకరీకి పోవాలనుకుంటున్న తమ్ముళ్లు, ఈ ముచ్చట ఎరుకుండాలె.

1987 మార్చి 6న బెల్జియంల జీబ్రుగ్ రేవు నుంచి 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' అనే ఓడ ఇంగ్లండుకు బయలెల్లింది. ముందటి తలుపులు తెరిచే ఉన్నయి. నీళ్లు జొచ్చి నిమిషాల్లనే ఒరిగిపోయింది. 193 మంది సచ్చిపోయిండ్రు.

తలుపు మూయాల్సిన పనోడు నిద్రపోయిండు, నిజమే. కానీ తలుపు మూసిందో లేదో తెలిసేతట్టు కెప్టెన్ ముందట ఒక లైటు పెట్టుండ్రని కెప్టెన్లు ముందుగాల్నే అడిగిండ్రు. ఆఫీసోళ్లు ఎగతాళి చేసిండ్రు. తప్పు కింది నుంచి పైదాక ఉన్నదని విచారణల తేలింది.

ఇట్లాంటి సావుల తర్వాతనే ఐఎస్‌ఎం కోడ్ వచ్చింది. 1998 జూలై నుంచి ప్రయాణికుల ఓడలకు, ట్యాంకర్లకు, బల్క్ క్యారియర్లకు, 2002 నుంచి మిగతా సరుకు ఓడలకు తప్పనిసరైంది. దాని ప్రకారం భద్రత విషయంల, సముద్రం ఖరాబు కాకుండ చూసుట్ల చివరి మాట కెప్టెన్‌దే. ఒడ్డు మీద కంపెనీల డీపీఏ అని ఒక మనిషి ఉండాలె. ఆయన పెద్ద యజమానితోని నేరుగ మాట్లాడొచ్చు. ప్రమాదమే కాదు, లోపం కనబడ్డా రాయాలె, కారణం ఎతికి సరిచేయాలె.

చూడకుండ టిక్కులు కొడితే మాత్రం గీ కోడ్ ఉత్త కాయిదమే. ఓడెక్కంగనే డీపీఏ ఎవలో, నంబరేందో తెలుసుకోండ్రి. లోపం కనబడితే రాయుండ్రి. పనోడు నిద్రపోయిండని ఫైలు మూసుడు అల్కటి పని. లైటెందుకు పెట్టలేదని అడిగెటోళ్లు కావాలె.