రజస్వలాచర్య: వైద్యమెంత, వ్రతమెంత?

రజస్వలకు ఆయుర్వేదం చెప్పిన నియమాలను ‘రజస్వలాచర్య’ పేరుతో ఇటీవలి రచనలు తరచుగా ఉదహరిస్తున్నాయి. అవి సంహితల్లో ఏ సందర్భంలో వచ్చాయో, ఎవరి క్షేమాన్ని ఉద్దేశించాయో పరిశీలించిన రచనలు మాత్రం అరుదు.

సుశ్రుత సంహితలో ఈ నియమాలు శారీరస్థానం 2వ అధ్యాయంలో, చరక సంహితలో శారీరస్థానం 8వ అధ్యాయంలో ఉన్నాయి. రెండూ సంతానోత్పత్తిని చర్చించే ఘట్టాలే. మూడు రోజుల బ్రహ్మచర్యం, నేలపై శయనం, నాలుగవ రోజు స్నానం ఉమ్మడి విధులు. నియమం తప్పితే కలిగే కీడును సుశ్రుతుడు స్త్రీకి కాక, పుట్టబోయే బిడ్డకు ఆపాదించాడు. తల్లి పగలు నిద్రిస్తే బిడ్డ నిద్రాళువు, కాటుక పెట్టుకుంటే అంధుడు, గోళ్లు తీసుకుంటే గోళ్లు చెడినవాడు, తల దువ్వుకుంటే బట్టతలవాడు అవుతాడట.

ఈ పట్టిక వైద్యుల సొంతం కాదు. అంతకు పూర్వపుదైన తైత్తిరీయ సంహితలో (2.5.1), ఇంద్రునికి అంటిన బ్రహ్మహత్యలో మూడవ వంతును స్త్రీలు స్వీకరించారన్న కథను అనుసరించి ఇటువంటి నిషేధాలే, అనేకచోట్ల అవే ఫలాలతో కనిపిస్తాయి. తెలుగునాట వైదిక కుటుంబాల్లో అధికులు తైత్తిరీయ శాఖీయులు కనుక ‘బయట చేరడం’ అనే ఆచారానికి ఈ పాఠంతో గల సంబంధం విడిగా పరిశోధించదగినది. నూలు వడకరాదు, తాడు పేనరాదు అన్న వైదిక నిషేధాలు సుశ్రుతంలో లేవు. పరుగు, అతిభాషణం, పెద్ద ధ్వనులు వినడం, ఆయాసం అందులో చేరాయి. వాతప్రకోప కారకాలను వైద్యుడు వ్రతంలో కలిపాడని ఊహించవచ్చు.

వాగ్భటుడు కొంత భిన్నం. పాలతో వండిన యవాన్నాన్ని కొద్దిగా తినమంటూ, దానికి కోష్ఠశోధనం, కర్షణం అని దేహసంబంధమైన హేతువు చెప్పాడు. అంతమాత్రాన రక్తహీనతతో ఉన్న యువతికి నేడు కర్షణాన్ని విధించడం ఆయన పేరిట చేసే అపచారమే. ఆహార పరిమాణం వ్యక్తి బలాన్ని బట్టి ఉండాలన్నది ఆయుర్వేద మౌలిక సూత్రం.

స్త్రీ ఆరోగ్యాన్ని నేరుగా చర్చించినది చరక చికిత్సాస్థానం 30వ అధ్యాయం. నెలకొకసారి వచ్చి, ఐదు రాత్రులు ఉండి, మంట, నొప్పి లేకుండా, అతిగా గాని అత్యల్పంగా గాని కానిదే శుద్ధార్తవమని అక్కడి నిర్వచనం. తీవ్రమైన బాధతో రజస్సు వెలువడి, వెలువడిన తక్షణమే ఉపశమనం కలిగే స్థితిని ‘ఉదావర్త’ అని 20 యోనివ్యాపత్తుల్లో ఒకటిగా లెక్కించి, స్నేహనం, స్వేదనం, వస్తి వంటి వాతహర చికిత్సలు చెప్పారు. అంటే నొప్పితో మెలికలు తిరిగే పిల్లతో ‘ఆడపుట్టుకకు ఇది మామూలే, ఓర్చుకో’ అనే మాటకు ఈ శాస్త్రంలో ఆధారం లేదు. నిషేధాలను వల్లించే రచనలు దాటవేసేది సరిగ్గా ఈ అధ్యాయాన్నే.

ఆర్తవం క్షీణించినప్పుడు సుశ్రుతుడు హితమన్నవి చేపలు, ఉలవలు, పులుపు, నువ్వులు, మినుములు, సుర. పుష్పవతి అయిన పిల్లకు మన ఇళ్లలో పెట్టే నువ్వుల చిమ్మిలి ఈ ఆహారానికి దగ్గరిదే గాని, మూడు రోజుల నిషేధ పట్టికకు చెందినది కాదు.