ఫ్లాష్‌లైట్, స్పీకర్, ఇంటర్నెట్: మూడింటి వెనకా ఒకటే కుటుంబం | రేర్ ఎర్త్స్ అసలు కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌లోకి వెళ్లే ముందు చిన్న పని చేద్దాం. మీ ఫోన్ వెనక్కి తిప్పండి. కెమెరా పక్కన ఫ్లాష్‌లైట్ ఉంటుంది కదా, దాన్ని ఆన్ చెయ్యకుండా దగ్గర్నుంచి చూడండి. చాలా ఫోన్లలో లోపల ఒక పసుపుపచ్చ చుక్క కనిపిస్తుంది. వెలిగిస్తే తెల్లటి వెలుగు, ఆపేస్తే పసుపు చుక్క. ఎందుకలా?

ఇప్పుడు ఒక గుండుసూది తీసుకుని స్పీకర్ ఉన్న వైపు అంచుకి దగ్గరగా పెట్టండి. రంధ్రంలో మాత్రం గుచ్చొద్దు ప్లీజ్, ఫోన్ పోతే నన్ను తిడతారు. సూదిని లోపల్నుంచి ఏదో లాగుతున్నట్టు తెలుస్తుంది.

పసుపు చుక్క వెలుగుకి సంబంధించింది. సూదిని లాగేది అయస్కాంతం. రెండూ వేరు వేరు విషయాల్లా ఉన్నాయి కదా? కానీ రెండింటిలోనూ పని చేసేది ఒకటే కుటుంబానికి చెందిన మూలకాలు. ఇంటర్‌లో ఎంసెట్ కోసం పీరియాడిక్ టేబుల్ బట్టీ పట్టినప్పుడు అడుగున విడిగా రెండు వరుసలు ఉండేవి, గుర్తుందా? అందులో పై వరుస. లాంథనమ్, సీరియమ్, నియోడిమియమ్ అంటూ సాగే ఆ 15 మూలకాలకి స్కాండియమ్, యిట్రియమ్ కలిపితే 17. వీటినే రేర్ ఎర్త్స్ అంటారు. ఈమధ్య న్యూస్‌లో తెగ వినిపిస్తున్న పేరు ఇదే.

అరుదైనవి కావు

ముందు ఒక అపోహ పక్కన పెడదాం. పేరులో రేర్ ఉంది గానీ ఇవి నిజంగా అరుదైనవి కావు. భూమి పైపొరలో సీరియమ్ దాదాపు రాగి ఉన్నంత ఉంది. నియోడిమియమ్ సీసం కన్నా ఎక్కువే ఉంది. 1787లో స్వీడన్‌లోని యిటర్బీ అనే ఊరి గనిలో ఒక నల్లటి రాయి దొరికింది. అప్పట్లో అలాంటి ఖనిజం ఎవరూ చూడలేదు కాబట్టి రేర్ అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. యిట్రియమ్, యిటర్బియమ్, టెర్బియమ్, ఎర్బియమ్, ఈ నాలుగు పేర్లూ ఆ ఒక్క ఊరి పేరు నుంచే వచ్చాయి.

మరి అరుదు కానప్పుడు ఇంత గొడవ ఎందుకు? ఆ ప్రశ్నకి జవాబు పరమాణువు లోపల ఉంది.

అరుగు మీద వాళ్లు, లోపలి గదిలో వాళ్లు

పరమాణువుని ఒక పాతకాలపు పెంకుటిల్లు అనుకోండి. అరుగు మీద కూర్చున్నవాళ్లు వీధిలో వెళ్లేవాళ్లతో మాట్లాడతారు, ఇచ్చిపుచ్చుకుంటారు. బయటి ఎలక్ట్రాన్లు అంటే వాళ్లే. కెమిస్ట్రీ అంతా నడిపేది వాళ్లు. రేర్ ఎర్త్స్‌లో తమాషా ఏంటంటే, ఒక మూలకం నుంచి పక్క మూలకానికి వెళ్లినప్పుడు కొత్తగా చేరే ఎలక్ట్రాన్ సాధారణంగా అరుగు మీదికి రాదు. లోపలి గదిలోకి వెళ్లి కూర్చుంటుంది. ఆ గది పేరు 4ఎఫ్.

దీనివల్ల రెండు సంగతులు జరుగుతాయి. ఒకటి, వీధిలోంచి చూస్తే ఇళ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందరి అరుగు మీదా అదే మనుషులు. అంటే కెమికల్‌గా ఈ మూలకాలన్నీ దాదాపు కవలలు. రెండు, లోపలి గదిలో ఉన్నవాళ్లని బయటి గోల పెద్దగా తాకదు. అందుకే ఆ ఎలక్ట్రాన్లు గట్టి పదార్థంలో ఇరుక్కున్నా సరే, తమ సొంత అయస్కాంత గుణాన్నీ, తమ సొంత వెలుగునీ చాలా వరకు పోగొట్టుకోవు.

ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. వీటిని ఇంత పనికొచ్చేలా చేసింది, ఇంత కష్టపెట్టేలా చేసింది కూడా ఆ లోపలి గదే.

అయస్కాంతం: అప్పడం లాజిక్

ఇనుము మంచి అయస్కాంతమే. బలం ఉంది, కానీ నిలకడ లేదు. దాని అయస్కాంత దిశ తేలిగ్గా తిరిగిపోతుంది. సున్నుండని డబ్బాలో ఎటు తిప్పి పెట్టినా పడుతుంది కదా, అలాగ. నియోడిమియమ్ పరమాణువులో ఆ 4ఎఫ్ ఎలక్ట్రాన్ల మబ్బు గుండ్రంగా ఉండదు, అప్పడంలా చదునుగా ఉంటుంది. స్ఫటికంలో దాని చుట్టూ ఉన్న పరమాణువుల మధ్య అది ఒక్క యాంగిల్‌లోనే హాయిగా కూర్చుంటుంది. దాన్ని తిప్పాలంటే చాలా శక్తి కావాలి. సో బలం ఇనుముది, దిశకి తాళం నియోడిమియమ్‌ది. మధ్యలో కొంచెం బోరాన్ ఆ స్ఫటికాన్ని కుదురుగా ఉంచుతుంది. బరువు లెక్కన ఆ స్ఫటికంలో ఇనుము 72 శాతం, నియోడిమియమ్ 27 శాతం, బోరాన్ 1 శాతం.

దీన్ని కనిపెట్టింది జపాన్‌లో మసాతో సగావా. ఆయన ఫుజిత్సులో పనిచేసేవారు. అంతకుముందు బలమైన అయస్కాంతం అంటే సమేరియమ్, కోబాల్ట్ కలిపిందే. కోబాల్ట్ ఖరీదు, పైగా 1978లో జైర్ దేశంలో యుద్ధం వచ్చి ధర ఆకాశానికంటింది. చవకగా దొరికే ఇనుముతో ఎందుకు కుదరదు అని సగావా పట్టుకున్నారు. 1982లో సుమిటోమో స్పెషల్ మెటల్స్‌కి మారి అక్కడ సాధించారు. అదే టైమ్‌లో అమెరికాలో జనరల్ మోటార్స్‌లో జాన్ క్రోట్ వేరే పద్ధతిలో ఇదే పదార్థం దగ్గరికి వచ్చారు. 1983 నవంబర్‌లో పిట్స్‌బర్గ్‌లో ఒకే కాన్ఫరెన్స్‌లో ఇద్దరి ఫలితాలూ బయటికొచ్చాయి. సగావాకి 2022లో క్వీన్ ఎలిజబెత్ ఇంజినీరింగ్ ప్రైజ్ ఇచ్చారు.

ఇవాళ మీ ఫోన్‌లో స్పీకర్, వైబ్రేషన్ మోటార్, కెమెరా లెన్స్‌ని ముందుకీ వెనక్కీ జరిపే ఆటోఫోకస్, అన్నింటిలోనూ ఈ అయస్కాంతమే. ఇంత చిన్న చోట ఇంత బలం వేరేదానితో రాదు. ఎలక్ట్రిక్ కారు మోటార్‌కైతే సుమారు 1 నుంచి 2 కిలోలు పడుతుంది.

కానీ దీనికి వేడి పడదు. మోటార్ వేడెక్కితే దిశ మీద పట్టు సడలుతుంది. అందుకే మోటార్లలో వాడే అయస్కాంతాల్లో కొద్దిగా డిస్ప్రోసియమ్, టెర్బియమ్ కలుపుతారు. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాయి.

వెలుగు: పసుపు చుక్క, సముద్రం కింద దారం

ఇప్పుడు ఆ పసుపు చుక్క సంగతి. మీ ఫ్లాష్‌లైట్ లోపల నిజానికి ఉన్నది నీలం ఎల్‌ఈడీ. దాని మీద యిట్రియమ్, అల్యూమినియమ్‌తో చేసిన గార్నెట్ అనే పదార్థం పూత ఉంటుంది, అందులో కొంచెం సీరియమ్. నీలం వెలుగు తగలగానే సీరియమ్ ఎలక్ట్రాన్ లోపలి గదిలోంచి పైకి ఎగిరి, మళ్లీ కిందికి దిగుతూ పసుపు వెలుగు ఇస్తుంది. కొంత నీలం అలాగే బయటికొస్తుంది. నీలం, పసుపు కలిస్తే మన కంటికి తెలుపు. మీ ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు చాలావరకు ఇదే టెక్నిక్.

ఇంకోటి, ఇప్పుడు మీరు చూస్తున్న ఈ వీడియో. యూట్యూబ్ సర్వర్ నుంచి మీ దగ్గరికి వచ్చే దారిలో చాలా దూరం ఇది గాజు దారంలో, అంటే ఆప్టికల్ ఫైబర్‌లో వెలుగుగా ప్రయాణిస్తుంది. ఎంత స్వచ్ఛమైన గాజైనా 100 కిలోమీటర్లు వెళ్లేసరికి వెలుగు సుమారు 100వ వంతే మిగులుతుంది. ఇంకో 100 కిలోమీటర్లకి అందులో 100వ వంతు. సముద్రాలు దాటాలంటే మధ్యమధ్యలో బలం ఎక్కించాలి. ఒకప్పుడు వెలుగుని కరెంటుగా మార్చి, శుభ్రం చేసి, మళ్లీ వెలుగుగా మార్చేవారు. 1987లో ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం ఫైబర్ ముక్కలో ఎర్బియమ్ కలిపి కథ మార్చేసింది. పక్కనుంచి ఒక లేజర్‌తో ఎర్బియమ్‌కి శక్తి ఇచ్చి ఉంచుతారు. సిగ్నల్ వెలుగు అటుగా వెళ్లగానే ఎర్బియమ్ తన శక్తిని అదే రంగు వెలుగుగా దానికి జత చేస్తుంది. ఆ రంగు 1,550 నానోమీటర్ల దగ్గర. గాజులో అతి తక్కువ నష్టంతో వెళ్లే వెలుగు కూడా సరిగ్గా అక్కడే. ప్రకృతి ఇచ్చిన అదృష్టం అది.

మరి మన బీచ్‌లో ఉన్నది ఏంటి?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. భీమిలి వైపో, శ్రీకాకుళం జిల్లా భావనపాడు వైపో వెళ్తే ఒడ్డున నల్ల చారలు కనిపిస్తాయి. ఆ నలుపు ఎక్కువగా ఇల్మనైట్. దాంతోపాటు తేనెరంగు గింజలు కొన్ని కలిసి ఉంటాయి, అదే మోనజైట్. సీరియమ్, లాంథనమ్, నియోడిమియమ్ అన్నీ అందులో ఉన్నాయి. దేశంలో మోనజైట్ నిల్వలు సుమారు 1.3 కోట్ల టన్నులని అంచనా. అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే.

మరి మన ఫోన్లో అయస్కాంతం మన ఇసుక నుంచి ఎందుకు రావట్లేదు? ఇసుకకీ అయస్కాంతానికీ మధ్య చాలా మెట్లున్నాయి కాబట్టి.

మొదటి మెట్టు, థోరియమ్. మోనజైట్‌లో రేడియోధార్మికత ఉన్న థోరియమ్ కూడా ఉంటుంది. అందుకే అది అణు ఇంధన చట్టం కిందికి వస్తుంది. ఎవరు పడితే వాళ్లు తవ్వుకుని అమ్ముకునేది కాదు.

రెండో మెట్టు, కవలల్ని వేరు చెయ్యడం. సోనామసూరి, హెచ్‌ఎంటీ బియ్యం కలిపేసి గింజ గింజా విడదీయమంటే ఎలా ఉంటుంది? అంతకన్నా కష్టం. ఆమ్లంలో కరిగించి, నూనెలాంటి ద్రావకంతో కలిపి, వదిలేసి, మళ్లీ కలిపి... ప్రతి రౌండ్‌లో ఒక మూలకం కాస్త ఎక్కువగా అటు జరుగుతుంది. ఇలా వందల రౌండ్లు. దానికి బోలెడు ఆమ్లం, నీళ్లు, చివర్లో బోలెడు వ్యర్థం.

మూడో మెట్టు, లోహం నుంచి అయస్కాంతం. మిశ్రమ లోహాన్ని కొన్ని మైక్రాన్ల పొడిగా నూరాలి. గాలి తగిలితే అంటుకునే పొడి అది. అయస్కాంత క్షేత్రంలో గింజలన్నింటినీ ఒకే దిశకి తిప్పి, అదిమి, 1,000 డిగ్రీల పైన కాల్చాలి.

అమెరికా కథ వింటే ఈ మెట్ల విలువ తెలుస్తుంది. ఒకప్పుడు కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గని ఈ రంగంలో ప్రపంచానికే పెద్ద. క్రోట్ కనిపెట్టిన అయస్కాంతం తయారుచెయ్యడానికి జనరల్ మోటార్స్ మాగ్నిక్వెంచ్ అనే కంపెనీ కూడా పెట్టింది. 1995లో దాన్ని అమ్మేశారు, కొన్నవాళ్లలో చైనా కంపెనీలున్నాయి. తర్వాత ఆ పని చైనాకి తరలిపోయింది. 2002లో మౌంటెన్ పాస్ కూడా ఆగిపోయింది. గని తర్వాత మళ్లీ తెరిచారు, కానీ పోయిన నైపుణ్యం అంత తేలిగ్గా వెనక్కి రాలేదు. ఇవాళ వేరుచేసే పనిలో సుమారు 90 శాతం చైనాదే. 2025 ఏప్రిల్‌లో చైనా 7 రేర్ ఎర్త్స్ ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. అందులో డిస్ప్రోసియమ్, టెర్బియమ్ ఉన్నాయి. మన దేశంలో సహా ప్రపంచమంతా వాహన కంపెనీలు కంగారు పడ్డాయి.

మనం ఏమీ చెయ్యట్లేదని కాదు. ఇండియన్ రేర్ ఎర్త్స్ 1950 నుంచీ ఉంది, ఇప్పటి పేరు ఐఆర్‌ఈఎల్. హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్, బార్క్ టెక్నాలజీతో విశాఖలో సమేరియమ్ కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంట్ పెట్టారు, 2023 మేలో జాతికి అంకితం చేశారు. దాని కెపాసిటీ ఏడాదికి 3,000 కిలోలు. కారుకి 1 నుంచి 2 కిలోల లెక్కన చూస్తే ఎంత చిన్నదో మీకే అర్థమవుతుంది, అయినా అది రక్షణ, అంతరిక్ష అవసరాల కోసం. 2025 నవంబర్‌లో కేంద్రం 7,280 కోట్ల రూపాయల స్కీమ్‌కి ఓకే చెప్పింది. లక్ష్యం, ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాలు మనదేశంలోనే.

ఇక్కడ రెండు నిజాలు కూడా చెప్పుకోవాలి. మన మోనజైట్‌లో డిస్ప్రోసియమ్, టెర్బియమ్ తీయడానికి లాభసాటిగా ఉండేంత లేవు. అంటే ఎంత తవ్వినా ఆ రెండింటికీ బయటివైపు చూడాల్సిందే, లేదా అవి తక్కువ పట్టే డిజైన్లు రావాలి. రెండోది, ఆ ఇసుక ఉన్నచోట ఊళ్లున్నాయి, వలలు ఆరేసుకునే మత్స్యకారులున్నారు. ఒడ్డు తవ్వితే, వ్యర్థం సరిగ్గా దాచకపోతే, ఖర్చు కట్టేది వాళ్లు. ఇది చైనా చేతిలోంచి మన చేతిలోకి రావాలి అనేవాళ్లలో నేనూ ఉన్నా. కానీ ఆ ఊళ్లవాళ్లని అడక్కుండా, వాళ్లకి వాటా లేకుండా వస్తే అది సగం విజయమే.

సో, నా పాయింట్ ఒక్కటే. ఇకనుంచి ఎవరైనా మన దగ్గర ఇన్ని లక్షల టన్నుల నిధి ఉంది అని రీల్ పెడితే, ఒక ప్రశ్న అడగండి: వేరు చేసేది ఎవరు, ఎక్కడ? ఇసుక భూమి ఇచ్చింది. మధ్యలో ఉన్న మెట్లు మనుషులు కట్టాలి. నాలాంటి వాళ్లు ఎన్ని లైన్ల కోడ్ రాసినా నియోడిమియమ్ విడిపడదు. దానికి మెటలర్జీ వాళ్లు కావాలి, కెమికల్ ఇంజినీర్లు కావాలి, ఫర్నేస్ దగ్గర నిలబడే డిప్లొమా కుర్రాళ్లు కావాలి. కౌన్సెలింగ్‌లో ఆ బ్రాంచ్ వచ్చిందని మొహం వేలాడేసుకున్న తమ్ముడో చెల్లెలో మీ ఇంట్లో ఉంటే, ఈ ఎపిసోడ్ లింక్ పంపించండి.

ఇంకా డౌట్లు ఉంటే కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై.