కారునకు బయానా



భూమి కొనునప్పుడు బయానా యిచ్చు పద్ధతి మీకు క్రొత్త కాదు. సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు హద్దులు వ్రాయించి, సాక్షుల యెదుట కొంత సొమ్ము చెల్లించి, మిగిలినదానికి గడువు పెట్టుకొందురు. నేడు నేను చెప్పబోవునది మరియొక విధమైన బయానా. మన సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతములలో కార్ఖానాలకును, రహదారులకును, ఇండ్లస్థలములకును భూములు పోయిన కుటుంబములకు పెద్ద మొత్తములు ఒక్కమారుగా చేతికి వచ్చినవి. అట్టి యింట కుమారుడు మంచి కారు కోరుట సహజము. ఆ కోరిక సామాన్యమైన కారుతో నిలువక, ప్రపంచమంతటికిని కొన్ని వందలు మాత్రమే తయారగు మహావేగముగల కారువరకు, అనగా సూపర్‌కారువరకు, పోయినదనుకొందము. డీలరు కొంత సొమ్ము కట్టి పేరు నిలుపుకొనుడనును. సొమ్ము కుటుంబమంతటిది గాన సంతకము పెద్దలది కావలసివచ్చును. ఆ సంతకము దేనికి పెట్టుచున్నారో తెలుపుటయే యీ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ముందుగా సొమ్ము కట్టి వరుసలో నిలుచుట మన దేశమునకు పాతదే. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత అనేక సంవత్సరములు, ఏ కార్ఖానా యెన్ని బండ్లు చేయవలెనో ప్రభుత్వపు లైసెన్సు నిర్ణయించెడిది. బజాజు స్కూటరునకు పేరు వ్రాయించినవాడు ఏండ్లతరబడి యెదురుచూచెడివాడు. విదేశద్రవ్యము చెల్లించువారికి మాత్రము బండి త్వరగా లభించెడిది. మన పటాన్‌చెరువునందు ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ అను సంస్థ స్కూటర్లు తయారుచేసిన దినము లవియే. 1983 డిసెంబరు 14వ తేదీన మారుతి మొదటి కారు తాళపుచెవిని ఇందిరాగాంధీగారు కొనుగోలుదారుని చేతి కిచ్చునాటికి, అతని వెనుక పదేసివేల రూపాయలు కట్టినవారు వేలకొలది నిలిచియుండిరి.

ఆ వరుసలు ఎంత దీర్ఘములైనను వానిలో నొక న్యాయము కలదు. ముందు వచ్చినవానికి ముందు, వెనుక వచ్చినవానికి వెనుక. అది కుదరనిచో చీట్లు. 2009లో టాటావారి నానో కారునకు రెండు లక్షలకు పైగా దరఖాస్తులు రాగా, మొదటి లక్షమందిని కంప్యూటరు లాటరీచే నెన్నుకొనిరి. జహీరాబాదులో ట్రాక్టర్ల కార్ఖానాగల మహీంద్రా సంస్థవారు 2022 జూలై 30న స్కార్పియో-ఎన్ అను కారునకు పేర్లు వ్రాసికొన మొదలిడగా, అరగంటలో లక్ష పేర్లు నిండినవి. కట్టవలసినది 21 వేల రూపాయలు; వలదనుకొన్నచో తిరిగి వచ్చు సొమ్ము. ఇచ్చట ఆలస్యమే గాని, తిరస్కారము లేదు. కార్ఖానా నడచుచున్నంతకాలము ఎప్పటికైనను వంతు వచ్చును.

సూపర్‌కారు వరుస యిట్టిది కాదు. దాని కొరత దైవికము కాదు, లైసెన్సువలన కలిగినదియు కాదు. తయారుచేయువాడు బుద్ధిపూర్వకముగా కల్పించినది. ఇటలీ దేశపు ఫెరారీ సంస్థవారు 2002లో ఎంజో అను కారును ప్రకటించి, అమ్మకమునకు 399 మాత్రమే చేసిరి. నాలుగువందలవది పోపుగారి పేర నీయబడి, 2005లో వేలము వేయబడి, ఆ ధనము సునామీ బాధితులకు పోయినది. 2013లో వచ్చిన లాఫెరారీ 499. ఇట్టి కారు షోరూములోనికి వచ్చుసరికే యెవరెవరికి పోవలెనో కార్ఖానావారు నిశ్చయించియుందురు. పూర్వము తమ కార్లు ఎన్ని కొనెను, వానిని వెంటనే అమ్మెనా యుంచుకొనెనా అనునవి చూచి పేర్లు ఎంచుదురు. మన యూళ్లలో పిల్లనిచ్చువారు వరుని కులగోత్రములు విచారించునట్లు, ఇచ్చట అమ్మువాడే కొనువానిని విచారించును.

ఈ పద్ధతి బహిరంగముగా కనబడిన సందర్భము అమెరికాలో 2016లో జరిగినది. ఫోర్డు సంస్థవారు జీ.టీ. అను కారునకు దరఖాస్తులు పిలిచిరి. మొదటి రెండేండ్లకు 500 కార్లు. వచ్చిన దరఖాస్తులు 6,506. అనగా పదమూడుమంది అడుగగా ఒకరికి దొరకినది. దొరకినవారును రెండు సంవత్సరములు దానిని అమ్మరాదని ఒప్పందము వ్రాసిరి. జాన్ సీనా అను ప్రసిద్ధ కుస్తీవీరుడు గడువునకు ముందే అమ్మెనని 2017లో ఫోర్డువారు న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. 2018లో రాజీ కుదిరి, చెల్లించిన సొమ్ము ధర్మకార్యమున కీయబడెను. డబ్బిచ్చి కొన్న వస్తువును అమ్ముకొనుటకు హక్కు లేదా యని మీరడుగవచ్చును. సంతకము చేసిన కాగితములో అట్లు వ్రాసియున్నచో, దానికి బద్ధుడు కావలసినదే.

పూర్వము రాజులు కార్లు చేయించుకొనిన తీరు వేరు. హైదరాబాదులోని చౌమహల్లా సౌధమునకు వెళ్లినవారు పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారును చూచియుందురు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్‌గారు 1911లో దానిని చేయింప ఆజ్ఞాపించిరి. లండనులోని బార్కరు సంస్థవారు సింహాసనమువంటి పీఠముతో దాని పైభాగమును నిర్మించిరి. నిజాముగారు ఆ యేడే దివంగతులు కాగా, కారు కుమారులగు ఉస్మాన్ అలీఖాన్‌గారికి చేరినది. చేయించినవారు చూడలేదుగాని, ఆ కారు మొదటినుండియు వారి పేరిటిదే. నేడు డీలరువద్ద సొమ్ము కట్టినవానికి ఆపాటి నిశ్చయమైనను లేదు.

ఎందువలన లేదో వినుడు. డీలరు కారును తయారుచేయడు. కార్ఖానా తనకు కేటాయించిన ఒకటి రెండు కార్లను అందజేయువాడు మాత్రమే. ఆ కేటాయింపు రాకపూర్వము ఆతడు పుచ్చుకొను కాగితము ఆసక్తిపత్రము. మీకు కోరిక కలదని మీరు చెప్పుటయేగాని, ఇచ్చెదనని ఆతడు చెప్పుట కాదు. రెండవది ఆర్డరు పత్రము. దానిలో ధర, గడువు, సొమ్ము తిరిగి యిచ్చు నిబంధనలు ఉండును. మూడవది కార్ఖానానుండి వచ్చు నిర్ధారణ; దానిపై మీ పేరును, కాలక్రమమున ఛాసిస్ నంబరును ఉండును. మొదటి కాగితమును చేతబట్టుకొని మూడవదియని భ్రమించుటవలననే చిక్కులన్నియు వచ్చుచున్నవి. మరియు కొందరు డీలర్లు, ముందు మాయొద్ద ఈ కారు కొనుడు, పిదప ఆ కారు వచ్చునని నోటిమాటగా చెప్పుదురు. ఆ మాట వ్రాతలోనికి ఎక్కనిచో, కొన్న కారు మిగులును, కోరిన కారు మిగులదు.

1930వ సంవత్సరపు వస్తువిక్రయ చట్టమున 18వ విభాగము ఈ సంగతినే చెప్పుచున్నది. ఫలానా వస్తువని గుర్తింపబడనిదానికి అమ్మకపు ఒప్పందము జరిగినచో, ఆ వస్తువు గుర్తింపబడువరకు దానిపై స్వామ్యము కొనువానికి సంక్రమింపదు. సర్వే నంబరు లేని భూమికి బయానా యిచ్చువాడు మనలో లేడు. కారు విషయమున ఛాసిస్ నంబరే సర్వే నంబరు. అది వచ్చువరకు మీరిచ్చినది కారునకు కాదు, స్థానమునకు. ఈలోపల డీలరు దివాలా తీసినచో, మీరు కారునకు యజమానులు కారు; హామీ లేని ఋణదాతలలో నొకరు. కావున సొమ్ము ఎవరి ఖాతాలోనికి పోవుచున్నదో రసీదుపై చూడవలెను.

ఇక ధర. కార్ఖానా చెప్పునది యూరోలలోనో డాలర్లలోనో. మనము చెల్లించునది రూపాయలలో. నడుమ సుంకము. 40 వేల డాలర్లకు మించిన విలువగల, పూర్తిగా కూర్చబడి వచ్చు కారుపై సుంకమును 2013 బడ్జెట్టులో నూటికి 75 నుండి 100కు హెచ్చించిరి. ఆ లెక్కన కోటి రూపాయల కారు మన రేవులో దిగగానే మరియొక కోటి కోరెడిది. తక్కిన పన్నులు దానిపైన. ఇట్టి రేట్లు బడ్జెట్టులవలనను, దేశముల నడుమ ఒడంబడికలవలనను మారుచుండును. ఒప్పందము తరువాత సుంకము పెరిగినచో ఆ భారము కొనువానిపైనను, తగ్గినచో ఆ లాభము కొనువానికిని చెందునని, వేరు షరతు లేనప్పుడు, పై చట్టమందలి 64ఎ విభాగము చెప్పుచున్నది. రెండు మూడేండ్ల తరువాత వచ్చు కారునకు నేటి ధర చూచి సొమ్ము సమకూర్చుకొనరాదు.

ఇంకొక చిన్న సంగతి పెద్ద నష్టమునకు కారణము కాగలదు. మన దేశమునకు దిగుమతి యగు క్రొత్త కారునకు స్టీరింగు కుడిప్రక్క నుండవలెను. పైన చెప్పిన లాఫెరారీ ఎడమప్రక్క స్టీరింగుతోనే తయారైనది. కావున కోరిన కారు కుడిప్రక్క స్టీరింగుతో తయారగునా యని మొదటనే అడుగవలెను. నేలకు జానెడైనను ఎత్తులేని ఆ కారు మన యూరి స్పీడుబ్రేకరును దాటునా యనునది తరువాతి ప్రశ్న.

సొమ్ము తిరిగి రాదని ఆర్డరు పత్రములో వ్రాసియున్నంతమాత్రమున అంతయు పోయినట్లు కాదు. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 74వ విభాగము ప్రకారము, ఒప్పందము తప్పినవానినుండి ఎదుటివాడు న్యాయమైన పరిహారమునే పొందగలడు. కాగితములో వ్రాసిన మొత్తము దానికి గరిష్ఠ పరిమితి. అయితే వాదించి రాబట్టుకొనుట వేరు, అడుగగనే వచ్చుట వేరు. అందుచే కార్ఖానావారు కేటాయింపు నిరాకరించినచో ఎన్ని దినములలో సొమ్ము తిరిగి యిత్తురో సంతకమునకు ముందే వ్రాయించుకొనుట మేలు.

వివాదము వచ్చినచో, 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము క్రింద సంగారెడ్డిలోని జిల్లా కమిషనునకు ఫిర్యాదు చేయవచ్చును. 2021 నాటి నిబంధనల ప్రకారము చెల్లించిన ప్రతిఫలము 50 లక్షలవరకు ఉన్న వ్యవహారములు జిల్లా కమిషనుకును, అంతకు మించి రెండు కోట్లవరకు ఉన్నవి రాష్ట్ర కమిషనుకును చెందును. తగవు పుట్టిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. కాని తిరిగి అమ్ముటకై కొనువానిని ఆ చట్టము వినియోగదారునిగా నెంచదు. కారు చేతికి రాగానే అధికధరకు అమ్మి లాభము పొందవచ్చునని కుమారుడు చెప్పియున్నచో, ఆ కమిషను తలుపు అతనికి మూసికొనినట్లే. సివిలు కోర్టుకు పోవలసివచ్చును.