ల్యాప్‌టాప్ వేగము ఏల మారును?

పసుపు మార్కెట్టునకు వచ్చు మాసములలో ఆర్మూరు కమీషన్ దుకాణములందు తూకపు చీటీలు, బిల్లులు, బ్యాంకు లెక్కలు సమస్తమును ఇప్పుడు ల్యాప్‌టాప్ మీదనే నడచుచున్నవి. పెట్టె మీద 1.6 గిగాహెర్ట్జ్ అని వ్రాసియుండగా తెర మీద ఒకమారు 0.8, మరొకమారు 3.4 అగుపడుచున్నదనియు, కావున అమ్మినవాడు మోసగించెననియో వైరసు చొచ్చెననియో నిశ్చయించుకొని, ఫార్మాట్ చేయించుటకు పరుగెత్తువారిని తరచుగా చూచుచున్నాను. మంచి యంత్రములు అకారణముగా విప్పబడుట నాకు బాధాకరముగా నున్నది.

ఆ 1.6 గరిష్ఠ వేగమును గాదు, స్థిర వేగమును గాదు. 2017లో వెలువడిన ఇంటెల్ కోర్ ఐ5-8250యు ప్రాసెసరును గైకొనుడు. దానిలో లెక్కలు చేయు నాలుగు భాగములును, అనగా కోర్లును, ఎడతెగక పనిచేయుచుండగా 15 వాట్ల పరిమితిలో నిలుపుకొనగలదని తయారీదారు చెప్పిన వేగము 1.6, ఒక్క కోరే పనిలోనుండి, పెట్టె చల్లగానున్నచో అది 3.4 వరకు పోవును. పని లేనప్పుడు బాగుగా దిగివచ్చి దాదాపు నిద్రించును. యార్డులో బస్తాలు మోయు హమాలీని చూడుడు. లారీ కదలబోవుచున్నదన్నచో చివరి నాలుగు బస్తాలను పరుగున వేయగలడు గాని, ఉదయము మొదలు సాయంకాలము వరకు ఆ పరుగును నిలుపుకొనజాలడు. బస్తాలు లేని వేళ నీడన కూర్చుండును, కూర్చున్నంత మాత్రమున అతనికి రోగమని ఎవరును అనరు. నలుగురికి కలిపి ఒక్క కుండెడు నీరే యున్నచో, ఒంటరిగా మోయువానికి నిండుగా దొరకును, నలుగురును మోయునపుడు పంచుకొనక తప్పదు; కోర్లకు విద్యుత్తు అందునదియు ఇట్లే. అయితే హమాలీ అలసట రాత్రి వరకు వెన్నంటును. ప్రాసెసరు కొంచెము చల్లబడినంతనే మరల మొదటి బలముతో లేచును.

వేగముతో వేడి ఏల అంతగా పెరుగునో నిదానముగా చూతము. ప్రాసెసరులో ట్రాన్సిస్టర్లు అను కోట్లాది సూక్ష్మ స్విచ్చులు కలవు. స్విచ్చు మారినపుడెల్ల కొంత విద్యుదావేశము నిండి ఖాళీ యగును. ఆ శక్తి ఉష్ణమై పోవును. వేగము రెట్టింపైనచో ఈ క్రియయు రెట్టింపగుట న్యాయమే. కాని స్విచ్చు అంత త్వరగా మారవలెనన్న వోల్టేజిని గూడ హెచ్చింపవలెను. వ్యయమగు శక్తియో వోల్టేజి వర్గమును బట్టి పెరుగును. అందుకై వోల్టేజిని 0.8 నుండి 1.1కు పెంచవలసివచ్చెననుకొందము: వర్గముల నిష్పత్తి సుమారు 1.9, దానిని రెండుతో గుణింపగా 3.8. రెట్టింపు వేగమునకు నాలుగింతలకు చేరువైన వేడి! 2004లో ఇంటెల్ తన 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4ను విరమించుకొని, కోర్ల సంఖ్యను పెంచు త్రోవ పట్టుటకు ఈ వేడియే ముఖ్య కారణము; కంప్యూటర్ల చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన మలుపు అది. వేగమును తగ్గించి బ్యాటరీని కాపాడు స్పీడ్‌స్టెప్ 2000లోను, చోటు దొరికినపుడు పెంచు టర్బో బూస్ట్ 2008లోను వచ్చినవి.

పెద్ద పట్టిక తెరచిన తొలి క్షణములలో ప్రాసెసరు 15 వాట్లను దాటి విజృంభించి, కొలది సెకండ్లకో అర నిమిషమునకో దిగివచ్చును. చిప్పు వేడి సుమారు 100 డిగ్రీలను తాకినచో ఇంకను తగ్గించుకొనును. మండు వేసవిలో ఆర్మూరు గాలియే నలుబది డిగ్రీలు దాటియుండగా ఫ్యాను తోలునది వేడిగాలియే గదా! ఆ గాలియైనను ఆడవలెనన్నచో, ఆయుధపూజనాడు ల్యాప్‌టాప్‌నకు పసుపు కుంకుమలలది, దిష్టి తగులకుండ నిమ్మకాయ గట్టు ఆచారమును విడువవలెనని గట్టిగా చెప్పెదను. యంత్రమునకు దిష్టి తగులదు, ఆ పొడియు యార్డు దుమ్మును గాలిరంధ్రములలో పేరుకొని శ్వాసను మూయును.

కావున టాస్క్ మేనేజరులో పని లేని వేళ అంకె తగ్గినచో విచారింపకుడు. పని జోరుగా సాగుచుండగా చిరకాలము 1.6కు దిగువనే నిలిచి, పెట్టె కాలిపోవుచున్నచో ఫ్యాను శుభ్రము చేయింపుడు. పెట్టె చల్లగానే యుండి అంకె 0.4 వద్దనో 0.8 వద్దనో కదలకున్నచో, ఫార్మాట్ జోలికి పోకముందే విద్యుత్ పొదుపు అమరికను మార్చి చూచి, ఆ యంత్రముతో వచ్చిన అసలు చార్జరును తగిలింపుడు. పరాయి చార్జరును గుర్తింపలేక కొన్ని యంత్రములు వేగమును అట్లే బిగపట్టును.