పథ్యం పెట్టిన బ్రెడ్డే పడకపోతే?

ఇంట్లో పిల్లకి జ్వరం వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా మనం మొదట చేసే పని ఏమిటి? వీధి చివరి కొట్టుకి మనిషిని పంపి బ్రెడ్డు తెప్పించడం! పాలలో ముంచి రెండు ముక్కలు పెడితే తేలిగ్గా అరుగుతుందని మన నమ్మకం. చాలామంది విషయంలో ఆ నమ్మకం వల్ల వచ్చే నష్టమేమీ లేదు. కాని కొద్దిమందికి ఆ బ్రెడ్డే జబ్బు. ఆ కొద్దిమందిని గూర్చే ఈ వారం చెప్పబోతున్నాను.

కొన్నేళ్ళ క్రితం ఒక తల్లి తన కూతుర్ని నా దగ్గరకు తీసుకొచ్చింది. పిల్లకి తొమ్మిదేళ్ళు. చూస్తే ఆరేళ్ళ పిల్లలా ఉంది. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. రోజుకి మూడు నాలుగు సార్లు జిడ్డుగా, దుర్వాసనతో విరేచనం. రెండేళ్ళుగా ఐరన్ టానిక్కులు తాగుతున్నా హిమోగ్లోబిన్ 7 గ్రాములు దాటలేదు. నులిపురుగులకి మందు వేశారు, దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. మరి నేను చేసిందేమిటి? ఇంకోసారి పురుగుల మందు రాసి, "కొన్నాళ్ళు అన్నం తగ్గించి బ్రెడ్డు, రస్కులు పెట్టమ్మా" అన్నాను. నెల తిరిగేసరికి పిల్ల ఇంకా చిక్కిపోయింది. అప్పుడు గాని నాకు అనుమానం రాలేదు. పరీక్షలు చేయిస్తే సీలియాక్ వ్యాధి అని తేలింది.

ఏమిటీ వ్యాధి?

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తి ఉంటుంది. తడిపిన గోధుమపిండి జిగురుగా సాగేది దీనివల్లనే. మన చిన్నప్రేవుల లోపలి గోడ మఖమలు గుడ్డలాగా సన్నని నూగుతో ఉంటుంది. తిన్నదానిలోని సారాన్ని పీల్చుకుని రక్తానికి అందించేది ఆ నూగే. సీలియాక్ ఉన్నవారు గ్లూటెన్ తిన్నప్పుడు శరీరంలోని రక్షణ వ్యవస్థ పొరబడి తన ప్రేవుల మీదే దాడి చేస్తుంది. నూగు క్రమంగా అరిగి, గోడ నున్నగా తయారవుతుంది. ఇక ఎంత తిన్నా, ఎన్ని టానిక్కులు తాగినా చిల్లికుండలో నీళ్ళు పోసినట్లే.

ఇది అంటువ్యాధి కాదు. కొన్ని జన్యువులు పుట్టుకతో ఉన్నవారికే వస్తుంది. ఇంట్లో ఒకరికి ఉంటే వారి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలలో సుమారు పదిమందికి ఒకరికి ఉండే అవకాశముంది. మన దేశంలో గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాది రాష్ట్రాలలో ఎక్కువ, దక్షిణాదిన బాగా తక్కువ. తక్కువ కనుకనే మనకి తట్టదు. నాకూ తట్టలేదు!

గోధుమే కారణమని ఎలా తెలిసింది?

ఈ జబ్బును 1888లోనే సామ్యుల్ గీ అనే ఇంగ్లీషు వైద్యుడు చక్కగా వర్ణించాడు. ఆహారంతోనే నయం కావాలని కూడా అన్నాడు. కాని ఏ ఆహారమో తెలియలేదు. అది తేల్చినవాడు హాలెండుకి చెందిన పిల్లల వైద్యుడు డిక్కే. యుద్ధకాలంలో 1944-45 చలికాలాన ఆ దేశంలో తిండికి కటకట ఏర్పడింది. బ్రెడ్డు దొరకలేదు. అందరూ నీరసిస్తుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు! గోధుమ మీద అంతకుముందే ఆయనకు ఉన్న అనుమానం బలపడింది. 1950లో తన పరిశోధన వ్యాసంలో ఆ సంగతి లోకానికి చెప్పాడు.

ఎవరు అనుమానించాలి?

వారాల తరబడి విరేచనాలు, కడుపుబ్బరం, పిల్లల్లో ఎదుగుదల లేకపోవడం ముఖ్య లక్షణాలు. పెద్దవారిలో విరేచనాలు లేకపోవచ్చు కూడా. ఐరన్ మాత్రలకు లొంగని రక్తహీనత, మాటిమాటికీ నోటిపూత, ఎముకల నొప్పులు, మోచేతులపైన, మోకాళ్ళపైన దురదపెట్టే నీటిపొక్కులు - వీటి వెనుక కూడా ఈ వ్యాధి ఉండవచ్చు. చిన్నతనంలోనే ఇన్సులిన్ అవసరమైన మధుమేహం, థైరాయిడ్ జబ్బులు ఉన్నవారిలో ఇది మామూలుకంటే ఎక్కువ. మధుమేహమని అలాంటి పిల్లలకు రెండు పూటలా చపాతీలు పెట్టే ఇళ్ళు ఉన్నాయి. వారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ముందు పరీక్ష, తరువాతే పథ్యం

ఇది చదివి రేపటినుంచే గోధుమ మానేయకండి! మానేస్తే పరీక్షలో జబ్బు దొరకదు. మామూలుగా తింటూనే టి.టి.జి. యాంటీబాడీల రక్తపరీక్ష చేయించుకోవాలి. అందులో అనుమానం కలిగితే ఎండోస్కోపీ గొట్టంతో చిన్నప్రేవుల మొదటి భాగంనుంచి చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శినితో చూస్తారు.

కొందరికి గోధుమ తింటే ఉబ్బరం, నొప్పి వస్తాయి గాని పరీక్షలన్నీ మామూలుగానే ఉంటాయి. వీరి ప్రేవులు దెబ్బతినవు. పడినంతవరకు తింటూ, పడనిది తగ్గించుకుంటే చాలు. ఏ బాధా లేనివారు పక్కింటివారిని చూసి గోధుమ మానడం అనవసరం.

ఏం తినాలి? ఏం మానాలి?

ఈ వ్యాధికి మందు ఆహారమే. గ్లూటెన్‌ను పూర్తిగా, జీవితాంతం మానాలి. పంజాబీ ఇంట్లో ఇది పెద్ద కష్టమే. మనకంత కాదు. అన్నం, ఇడ్లీ, మినపట్టు, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిసంకటి, సజ్జలు, కొర్రలు, మొక్కజొన్న, పప్పులు, కూరలు, పెరుగు, గుడ్లు, మాంసం, చేపలు అన్నీ తినవచ్చు.

చిక్కంతా తెలియకుండా వచ్చే గోధుమతోనే. మైదా గోధుమే. బొంబాయి రవ్వా గోధుమే. కనుక పూరీ, ఉప్మా, రవ్వదోసె, బొబ్బట్టు, కాజా, బిస్కెట్లు, మామూలు సేమ్యా పనికిరావు. మాల్ట్ కలిపిన పానీయాలు బార్లీతో చేసినవి. డబ్బాలో అమ్మే ఇంగువలో గోధుమపిండి కలిసి ఉండవచ్చు. చీటీ చదివి కొనండి. "గ్లూటెన్ ఫ్రీ" అని అమ్మే ఆహారంలో కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని మన దేశంలో నిబంధన. గోధుమలు ఆడిన మరలోనే జొన్నలు ఆడించకండి. పూరీలు వేయించిన నూనెలో రోగికి అప్పడాలు వేయించకండి.

"కాస్త తింటే ఏమవుతుంది?"

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇది. ఆ పిల్లకి బ్రెడ్డు, బిస్కెట్లు మాన్పించిన కొద్ది వారాల్లోనే విరేచనాలు కట్టాయి, ఆకలి పుట్టింది. ఆరు నెలల్లో హిమోగ్లోబిన్ 11కి వచ్చింది. ఆ తరువాత మళ్ళీ తగ్గడం మొదలయింది. తరచి తరచి అడిగితే నాయనమ్మగారు అసలు సంగతి చెప్పారు. ఆమె ప్రతి పౌర్ణమికీ సత్యనారాయణ వ్రతం చేస్తారు. గోధుమరవ్వ ప్రసాదం పిల్లకి రోజూ కొంచెం కొంచెంగా వారంపాటు పెడుతున్నారు. "స్వామి ప్రసాదం కీడు చేస్తుందా, డాక్టరు గారూ?" అన్నారు.

"మీ భక్తిలో లోపం లేదమ్మా, రవ్వలోనే ఉంది. బియ్యపు రవ్వతో చేస్తే స్వామి కాదంటాడా?" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. మరుసటి పౌర్ణమినుంచి బియ్యపు రవ్వతోనే చేశారు. ఇంటిల్లిపాదికీ అదే ప్రసాదం.

ఇప్పుడా పిల్ల ఇంటర్మీడియట్ చదువుతోంది. తల్లి ఎత్తుని దాటింది. బాధలు లేకపోయినా ఏడాదికోసారి రక్తపరీక్షకి వస్తుంది. చెల్లెలికీ పరీక్ష చేయించాం, జబ్బు లేదు. మీ ఇంట్లో టానిక్కులకు లొంగని రక్తహీనతతో, వయసుకు తగ్గ ఎదుగుదల లేని బిడ్డ ఉంటే, మరో సీసా కొనేముందు ఈ పరీక్ష గురించి మీ డాక్టరుగారిని అడగండి.