వంటవాళ్ళెందరు, సరుకు తెచ్చేవాళ్ళెందరు?

రండర్రా, ఇలా కూర్చోండి. చింటూ, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. ఇవాళ మన పేగుల్లోనే కాపురముండే ఈ. కొలై అనే బాక్టీరియా సంగతి చెబుతాను.

1940 ప్రాంతంలో పారిస్ జర్మన్ సేనల చేతిలో ఉంది. ఆ గొడవల్లోనే జాక్ మోనో అనే యువశాస్త్రజ్ఞుడు బాక్టీరియాకు రెండు రకాల చక్కెరలు కలిపి పెట్టి చూశాడు. గ్లూకోజు, లాక్టోజు కలిపి పెడితే ఈ. కొలై ఏం చేస్తుందో తెలుసా? ముందు గ్లూకోజంతా ఖాళీ చేస్తుంది. తరవాత ఎదుగుదల ఆగిపోతుంది. కాసేపయ్యాక గానీ లాక్టోజు జోలికి పోదు.

మధ్యలో ఆ ఆగడం ఎందుకు? లాక్టోజు విరగ్గొట్టే ఎంజైము అప్పుడు కొత్తగా చేసుకోవాలి గనక. ముందే చేసి దాచుకోవచ్చుగా అంటావు. అక్కడే ఉంది పేచీ. ఎంజైమంటే ప్రోటీను. నీరు తీసేస్తే ఆ కణం బరువులో సుమారు సగం ప్రోటీనే, అంతకు మించి కుక్కడానికి చోటు లేదు. ఒక రకం పెంచితే ఇంకోటి తగ్గాల్సిందే.

పెళ్ళివారి వంటశాల అనుకోండి. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు వంటవాళ్ళు. చక్కెరలు అరిగించి ముడిసరుకు అందించే ఎంజైములు సరుకు తెచ్చేవాళ్ళు. ఒకటే చిత్రం, ఇక్కడ వంటవాళ్ళు కొత్త వంటవాళ్ళను కూడా తామే వండుకోవాలి! అందుకే తిండి పుష్కలంగా ఉంటే కణం రైబోజోముల వాటా పెంచి, ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. వేగంగా పెరిగే కణంలో ఆర్‌ఎన్‌ఏ ఎక్కువుంటుందని 1958లో కోపెన్‌హాగన్ శాస్త్రజ్ఞులు సాల్మొనెల్లాలో కొలిచి చూపారు. ఆ ఆర్‌ఎన్‌ఏలో ఎక్కువ భాగం రైబోజోములదే.

మరి ప్రోటీన్ల ముడిసరుకైన అమైనో ఆమ్లాలు కరువైతే? పీపీజీపీపీ అనే చిన్న అణువు పుట్టి, కొత్త రైబోజోముల తయారీకి బ్రేకు వేస్తుంది. 1969లో దీన్ని కనిపెట్టినవాళ్ళు 'మాయచుక్క' అని ముద్దుపేరు పెట్టారు. నాకైతే ఆ పేరే నచ్చింది. అయినా కరువులో కూడా ఈ. కొలై రైబోజోములను పూర్తిగా వదులుకోదు. కొన్నిటిని పని లేకుండానే అట్టిపెట్టుకుంటుంది. మంచి తిండి దొరికితే వెంటనే పనిలోకి దిగడానికి అవి పనికొస్తాయి. పిసినారి కాదు, ముందుచూపున్న గడసరి.

ఇంకో ముచ్చట. ఒకప్పుడు టైఫాయిడ్‌కు ఇచ్చే క్లోరాంఫెనికాల్ ఉందే, అది రైబోజోముల పనిని అడ్డగిస్తుంది. శాన్‌డియాగోలో టెరెన్స్ హ్వా బృందం ఆ మందును కొద్దికొద్దిగా వేసి చూసి 2010లో ఫలితాలు ప్రకటించింది. ఈ. కొలై రైబోజోముల వాటా తగ్గించలేదు సరికదా, ఇంకా పెంచింది! పెంచిన మేరకు ఎంజైముల వాటా తరిగిపోయింది. ఎదుగుదల మాత్రం పాత వేగానికి రాలేదు.